కెనూలో మూడు రోజుల క్యాంపింగ్: నీళ్లలోకి దిగేముందు ఏమేం చూసుకోవాలి?

తొలితెడ్డు
అందరికీ నమస్కారం. నలుగురు స్నేహితులం రెండు కెనూల్లో (తెడ్డుతో నడిపే పొడవాటి, సన్నటి పడవలు) మూడు పగళ్లు, రెండు రాత్రులు వెళ్దామనుకుంటున్నాం. మొదటి రోజు పెద్ద సరస్సును అడ్డంగా దాటి అవతలి ఒడ్డున మకాం. రెండో రోజు సరస్సులోంచి బయటికి పారే నదిలోకి దిగుతాం. దారిలో ఒక జలపాతం ఉంది, అక్కడ పడవలూ సామానూ మోసుకుంటూ 800 మీటర్లు నడవాలి. మూడో రోజు మధ్యాహ్నానికి దిగువన వంతెన దగ్గర ఒడ్డెక్కుతాం. ఇద్దరికి తెడ్డు వేయడం బాగా వచ్చు. నాకు ఓ మాదిరిగా వచ్చు. నాలుగో అతనికి ఈత రాదు. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, స్టవ్ సిద్ధం. పగలు 24 డిగ్రీల ఎండ, వాతావరణం బ్రహ్మాండంగా ఉంది. ఇంకేం సర్దుకోవాలో చెప్పండి.

ఏటిబాట
సామాను సంగతి తర్వాత చూద్దాం. గాలి 24 డిగ్రీలు అన్నారు, మరి నీళ్లు ఎన్ని డిగ్రీలు? పైన కొండల మీద మంచు ఇంకా ఉందా?

తొలితెడ్డు
మంచు కరుగుతూనే ఉంది. పోయిన వారం అటు వెళ్లిన ఒకాయన థర్మామీటర్ పెట్టి చూస్తే ఒడ్డు దగ్గర 9 డిగ్రీలు ఉందట. మేం నీళ్లలోకి దిగం కదా, పడవలోనే ఉంటాం. అందుకే దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

ఏటిబాట
ఆలోచించాల్సింది ముందు దాని గురించే. కెనూ ప్రయాణంలో బట్టలు వేసుకోవాల్సింది ఎండను చూసి కాదు, నీటిని చూసి. నీళ్లలో పడాలని ఎవరూ అనుకోరు. ఒకరు పక్కకు వంగి ఏదో అందుకోబోతారు, రెండోవాళ్లు అదే సమయానికి అటే తిరుగుతారు, పడవ బోల్తా.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చల్లటి నీటి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క ఒకటుంది: 1-10-1. బాగా చల్లటి నీళ్లలో పడ్డాక మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. తర్వాత ఓ 10 నిమిషాల వరకే చేతులూ కాళ్లూ మన మాట వింటాయి. శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అంటే చలి చంపేలోపు గంట సమయం ఉన్నట్టే, కానీ ఆ గంట దక్కాలంటే మొదటి నిమిషం దాటాలి. అది దాటించేది లైఫ్ జాకెట్.

9 డిగ్రీల నీళ్లలో సరస్సును అడ్డంగా దాటడం నేనైతే ఒప్పుకోను. ఎంత బాగా తెడ్డు వేసేవాళ్లు ఉన్నా సరే.

అత్యవసర_నర్సు
ఆ మొదటి నిమిషంలో ఏం జరుగుతుందో చెప్తాను. చల్లటి నీళ్లు ఒంటికి తగలగానే మనకు తెలియకుండానే నోరు తెరిచి గట్టిగా గాలి పీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది నీళ్లే. ఆ వెంటనే ఆయాసం, గుండె దడ. ఈత పోటీల్లో పతకాలు తెచ్చుకున్నవాళ్లకైనా ఇది తప్పదు. ఈతకూ దీనికీ సంబంధం లేదు. కాబట్టి జాకెట్ ఈత రానివాళ్లకు మాత్రమే అనే మాట మనసులోంచి తీసేయండి.

పడ్డవాళ్లు మొదటి నిమిషంలో చేయాల్సింది ఒక్కటే: నీళ్లలో తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగడం. ఒడ్డు కనిపిస్తోంది కదా అని ఈత మొదలుపెట్టకూడదు.

తొలితెడ్డు
ఇది చదివాక కాస్త టెన్షన్ పట్టుకుంది. ఈత రాని మా వాడు జాకెట్ వేసుకుంటే ఉక్కగా ఉంటుందని, సీటు కింద పెట్టుకుని అలలు వస్తే వేసుకుంటానని అంటున్నాడు. వాడికి ఎలా చెప్పాలి?

తెల్లనురుగు
ఇందులో నచ్చజెప్పడానికేం లేదు. జాకెట్ వేసుకుని జిప్ పెట్టాకే పడవ ఒడ్డు నుంచి కదులుతుంది. ఇది నలుగురికీ నియమం, అతనొక్కడికే కాదు. మీ ముగ్గురూ వేసుకుంటే అతనికీ అవమానంగా ఉండదు. నీళ్లలో పడ్డాక జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో తెలియాలంటే, జాకెట్ వేసుకున్న తోడును పక్కన పెట్టుకుని లోతులేని చోట అతన్నే ప్రయత్నించి చూడమనండి.

కొలత కూడా చూడండి. పట్టీలన్నీ బిగించాక వెనక నిలబడి జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. అది చెవుల దాకా వచ్చేస్తే వదులుగా ఉన్నట్టు. ఇంకా బిగించండి, లేదా చిన్న సైజు తీసుకోండి. విజిల్ జాకెట్‌కే కట్టి ఉండాలి, సంచిలో కాదు. మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం. నలుగురికీ ముందే చెప్పి పెట్టుకోండి.

గాలివాటం
నేను ఎక్కువగా పెద్ద సరస్సుల మీద తిరిగేదాన్ని కాబట్టి ఆ భాగం గురించి రాస్తాను.

సరస్సు మీద మన శత్రువు గాలి. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి తెల్లటి నురుగులు కక్కుతుంది. నేల వేడెక్కే కొద్దీ గాలి లేస్తుంది, సాయంత్రానికి మళ్లీ తగ్గుతుంది. రోజూ ఇలాగే జరుగుతుందని కాదు, కానీ ఎండ రోజుల్లో చాలాసార్లు ఇంతే. అందుకే తెల్లవారగానే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా టెంట్ వేసేలా రోజును అమర్చుకోండి.

వాతావరణ సూచనలో గాలి వేగం ఎంత ఉందో చూసుకోండి. గాలి బలాన్ని కొలిచే బోఫర్ట్ స్కేల్ ప్రకారం గంటకు 12 నుంచి 19 కి.మీ. గాలిలో అక్కడక్కడా తెల్ల నురుగులు మొదలవుతాయి, 20 నుంచి 28 మధ్యలో అవి తరచుగా కనిపిస్తాయి. సామాను నిండిన కెనూకు, కొత్త చేతులకు, మొదటిదే హద్దు అనుకోండి. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి 10, 20 మధ్య తేడా కాగితం మీద కనిపించినంత చిన్నది కాదు. గాలి నీళ్ల మీద అడ్డు లేకుండా ఎంత దూరం వీస్తే అల అంత పెద్దదవుతుంది. బయలుదేరే ఒడ్డున నీరు ప్రశాంతంగా ఉందని మోసపోవద్దు. గాలి మీ వెనక నుంచి వీస్తుంటే మీ ఒడ్డున ఏమీ తెలియదు, అల మీరు వెళ్లే వైపే పెరుగుతూ పోతుంది. సగం దూరం వెళ్లాక అది తెలుస్తుంది, అప్పుడు పడవ తిప్పడమే కష్టం.

ఏటిబాట గారు అన్నట్టు అడ్డంగా దాటొద్దు. ఒడ్డు వెంబడి వెళ్లండి. దూరం పెరుగుతుంది, పెరగనివ్వండి. పడవ బోల్తా పడినా కాసేపట్లో ఒడ్డుకు చేరేంత దగ్గరలో ఉండండి.

ఉరుములు మొదలైతే ఆలోచించకుండా ఒడ్డుకు రండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు సుమారు 10 కి.మీ. దూరంలో ఉన్నట్టు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి గానీ నీళ్ల మీదికి వెళ్లకూడదు.

మ్యాప్‌పిచ్చి
మొత్తం దూరం ఎంత? రోజుకు ఎన్ని కి.మీ. అనుకున్నారు?

తొలితెడ్డు
మొదటి రోజు 14. ఒడ్డు వెంబడి వెళ్తే 21 అవుతుంది. రెండో రోజు 18, అందులో మోసే దారి కలిపి. మూడో రోజు 12.

మ్యాప్‌పిచ్చి
సామానుతో ఉన్న కెనూ నిలకడ నీటిలో గంటకు 4, 5 కి.మీ. పోతుంది, అదీ ఎదురుగాలి లేకుండా. 21 కి.మీ. అంటే ఆగకుండా వేసినా నాలుగైదు గంటలు. తినడం, సేద తీరడం కలిపితే ఏడు. గాలివాటం గారు చెప్పినట్టు మధ్యాహ్నానికి ఆగాలంటే ఇది కుదరదు.

రెండో రోజు లెక్కలో ఇంకో సంగతి ఉంది. 800 మీటర్ల మోత అన్నారు. పడవా సామానూ ఒకే విడతలో మోయగలరా? కొత్తవాళ్లకు సాధారణంగా రెండు విడతలు పడుతుంది. అంటే వెళ్లి, ఉత్తచేతులతో తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాలి. 800 కాస్తా 2.4 కి.మీ. నడక అవుతుంది. అందులో 1.6 కి.మీ. బరువుతో, బహుశా బురదలో, రాళ్ల మీద. దీనికే గంటన్నర పక్కన పెట్టుకోండి. కెనూ ప్రయాణంలో కాళ్లు మడత పడేవి, నడుములు పట్టేసేవి ఎక్కువగా ఇలాంటి చోట్లే. చెప్పులతో కాకుండా చీలమండను పట్టి ఉంచే బూట్లతో నడవండి.

1:50,000 మ్యాప్‌లో 1 సెం.మీ. అంటే నేల మీద 500 మీటర్లు. నది గీతను ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గర దగ్గరగా కోస్తుంటే అక్కడ నీరు గట్టిగా దూకుతోందని అర్థం. ముఖ్యంగా ఆ జలపాతానికి ఎగువన ఎక్కడ ఒడ్డెక్కాలో, ఏ ఒడ్డునో ముందే గుర్తు పెట్టుకోండి. ఒడ్డెక్కే చోటుకు ముందు కనిపించే గుర్తు ఒకటి ఎంచుకోండి: వాగు కలిసే చోటో, నది గట్టిగా మలుపు తిరిగే చోటో. అది కనిపించగానే ఆ ఒడ్డుకు ఆనుకుని పోవాలి. జలపాతం చప్పుడు వినిపించాక వెతుక్కోవడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మ్యాప్ కాగితం మీదది కూడా ఒకటి నీళ్లు తగలని కవర్లో ఉంచండి, ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

తెల్లనురుగు
నది భాగం నేను అందుకుంటాను. నదీ ప్రవాహాల కష్టాన్ని 1 నుంచి 6 తరగతులుగా లెక్కిస్తారు. మీ మార్గంలో ఏ తరగతి ఉందో కనుక్కోండి. 1 దాటి ఉన్నచోట దిగి, ఒడ్డు మీద నడిచి చూసి, అనుమానం ఉంటే మోసుకుపోండి. పుస్తకంలో 1 అని రాసినా, మంచు కరిగే రోజుల్లో నీటిమట్టం పెరిగితే అదే చోటు వేరే నది అయిపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేవి పెద్ద అలలు కావు, రెండు నిశ్శబ్దమైన విషయాలు. మొదటిది నదికి అడ్డంగా కూలిన చెట్టు. కొమ్మల మధ్య నుంచి నీరు పోతుంది, మనిషీ పడవా పోవు. జల్లెడలో పిండి జారిపోయి పొట్టు మిగిలిపోయినట్టు మనం అక్కడే చిక్కుకుంటాం, వెనక నుంచి నది మొత్తం నొక్కుతుంది. మలుపుల్లో బయటి ఒడ్డున ఇవి ఎక్కువ, కాబట్టి మలుపులో లోపలి వైపే పట్టుకుని పోండి. తప్పించుకునే వీల్లేకుండా కొట్టుకుపోతుంటే మాత్రం కాళ్లు ముందు పెట్టకండి. తల ముందుకు పెట్టి గట్టిగా ఈదుతూ వెళ్లి, దుంగ మీదికి ఎగబాకాలి.

రెండోది నదికి అడ్డంగా కట్టిన పొట్టి ఆనకట్ట. ఎత్తు తక్కువే కాబట్టి దూకేయొచ్చనిపిస్తుంది. దాని కింద నీరు వెనక్కి తిరుగుతూ, పడినదాన్ని మళ్లీ మళ్లీ గోడ వైపే లాగుతుంది. జాకెట్ ఉన్నా బయటపడటం కష్టం. మ్యాప్‌లో గోడ లాంటిది ఏది కనిపించినా మోసుకుపోవడమే.

మామూలు ప్రవాహంలో పడితే వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువ వైపు, నీటి పైకి. నిలబడటానికి ప్రయత్నించొద్దు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నడుము లోతు నీరే ముంచేస్తుంది. పడవకు ఎప్పుడూ ఎగువన ఉండండి. నీళ్లు నిండిన కెనూ వందల కిలోల బరువు, దానికీ బండకూ మధ్య ఉండకూడదు.

తొలితెడ్డు
సామాను పడవకు కట్టాలా, వదిలేయాలా? ఒక్కో వీడియోలో ఒక్కో మాట చెప్తున్నారు.

గాలివాటం
సరస్సు మీద కట్టకండి. బోల్తా పడితే రెండో పడవ వచ్చి, పడిన కెనూను తన మీదికి అడ్డంగా లాక్కుని, నీళ్లు ఒంపేసి, తిరిగి నిలబెట్టాలి. సంచులు కట్టేసి ఉంటే ఆ బరువును ఎత్తలేరు. గాలి నింపి మూసిన సంచులు తేలతాయి, తర్వాత ఏరుకోవచ్చు.

తెల్లనురుగు
గౌరవంగానే విభేదిస్తున్నాను. వాళ్లు నదిలోకీ వెళ్తున్నారు. గట్టిగా కట్టిన సంచులు పడవలో నీళ్లు పట్టే చోటును ఆక్రమిస్తాయి, పడవ బోల్తా పడినా పైకి తేలి ఉంటుంది, రాళ్లకు అతుక్కోదు. వదిలేస్తే టెంట్, పొడి బట్టలు దిగువకు కొట్టుకుపోతాయి. 9 డిగ్రీల నీటిలో తడిసినవాడికి ఆ రాత్రి పొడి బట్టలు లేకపోతే ఏమవుతుంది?

గాలివాటం
సరస్సు మీద, రెండు పడవలే ఉన్నప్పుడు, మనిషిని నీళ్లలోంచి తీయడమే ముఖ్యం. ఒడ్డు వైపు గాలి ఉంటే సంచులు వాటంతటవే ఒడ్డుకు చేరతాయి.

ఏటిబాట
ఇద్దరూ చెప్పేది మీమీ నీళ్లకు సరైనదే. వీళ్లు సరస్సు మీద ఒక్క క్లిప్ విప్పితే ఊడొచ్చేలా పెట్టుకోవచ్చు. నది మొదలయ్యే చోట ఆగి కదలకుండా బిగించి కట్టుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకునేది ఒకటుంది: వేలాడే పొడుగాటి తాడు ఎక్కడా ఉండకూడదు. బోల్తా పడిన పడవలో కాలికి చుట్టుకునేది అదే. తాడు కోసే కత్తి జాకెట్‌కు ఉండాలి.

పొడి బట్టలు, అగ్గి, స్లీపింగ్ బ్యాగ్ రెండు పడవల్లోనూ పంచుకోండి. ఒక పడవ పోయినా రెండోదాంట్లో ఉన్నవాటితో నలుగురూ రాత్రి గడిపేలా ఉండాలి. డ్రై బ్యాగ్ (నీళ్లు చొరని సంచి) మూతిని కనీసం మూడు మడతలు చుట్టాలి. బరువైనవి అడుగున, మధ్యలో. సామాను, మనుషులు ఎక్కాక పడవ అంచు నీటికి కనీసం 15 సెం.మీ. పైన లేకపోతే సామాను తగ్గించండి. అల వస్తే సీటు దిగి మోకాళ్ల మీద కూర్చోండి, పడవ వెంటనే కుదుటపడుతుంది. తెడ్డు పడవకు ఒకటి అదనంగా, చేతికి అందేలా. నీళ్లు తోడే డబ్బా, 15 మీటర్లకు తగ్గని త్రో బ్యాగ్ తాడు (నీళ్లలో పడ్డవాళ్లకు విసిరేది). తాడు విసరడం ఒడ్డు మీద సాధన చేయకపోతే అది ఉన్నా లేనట్టే.

అత్యవసర_నర్సు
నూలు బట్టలు, జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకోండి. ఈ నీటికి వెట్‌సూట్ లేదా డ్రైసూట్ (చల్లటి నీటి నుంచి ఒంటిని కాపాడే సూట్లు) ఉంటే ఇంకా మంచిది.

ఎవరైనా తడిసి చల్లబడితే గుర్తులు ఇవి: వణుకు, మాట తడబడటం, చేతిలోవి జారిపోవడం, కారణం లేకుండా చిరాకు పడటం. "నాకేం కాలేదు" అని గట్టిగా అనేవాళ్లని ముందు చూడండి. వణుకు ఆగిపోయి మనిషి ఇంకా చల్లగా, మత్తుగా ఉంటే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. గాలి తగలని చోట పడుకోబెట్టి, తడి బట్టలు తీసి, కింద చాపలాంటిది వేసి, పొడి స్లీపింగ్ బ్యాగ్‌లో చుట్టండి. వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి ఛాతీ దగ్గర, చంకల్లో పెట్టండి. చేతులూ కాళ్లూ రుద్దొద్దు, నడిపించొద్దు, మద్యం అసలు తాగించొద్దు. తెలివిగా ఉండి మింగగలిగితే గోరువెచ్చటి తీపి పానీయం ఇవ్వండి. నీళ్లు మింగి కాసేపు ఊపిరాడక, తర్వాత తేరుకున్న మనిషి దగ్గుతూనే ఉంటే ప్రయాణం అక్కడితో ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తొలితెడ్డు
అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. అలాంటప్పుడు ఎవరిని పిలవాలి?

మ్యాప్‌పిచ్చి
రెండు రకాల పరికరాలున్నాయి. పర్సనల్ లొకేటర్ బీకన్ 406 మెగాహెర్ట్జ్ మీద కాస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలకు ఆపద సంకేతం పంపుతుంది. నెలవారీ చందా ఉండదు, కానీ మనం చెప్పడమే తప్ప అటు నుంచి మాట రాదు. కొన్నాక మీ పేరున నమోదు చేయడం మరవొద్దు. శాటిలైట్ మెసెంజర్‌కు చందా కట్టాలి, కానీ రెండు వైపులా సందేశాలు వెళ్తాయి. కాలు విరిగిందా, ఆలస్యమే అయిందా అన్నది చెప్పగలగడం నాకు ముఖ్యం కాబట్టి నేను రెండోదానికే ఓటేస్తాను. ఏదైనా సరే మనిషి జాకెట్ జేబులో ఉండాలి. పడవ కొట్టుకుపోతే సంచిలోని పరికరం కూడా దానితోనే పోతుంది.

దానికన్నా ముందు, ఇంటి దగ్గర ఒకరికి కాగితం మీద రాసివ్వండి: ఎవరెవరు, పడవల రంగులు, ఏ దారి, ఏ రాత్రి ఎక్కడ మకాం, ఎన్ని గంటల్లోగా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి.

ఏటిబాట
మకాం గురించి కొంచెం. నీటి అంచున ఇసుక ఎంత మెత్తగా కనిపించినా నది పక్కన అక్కడ టెంట్ వేయొద్దు. పుల్లలు, ఆకులు గీతలా పేరుకున్న చోటు చూడండి. వరద అక్కడి దాకా వచ్చిందని నదే చెప్తోంది, దానికి బాగా పైన వేయండి. ఎగువన డ్యామ్ ఉంటే నీళ్లు ఎప్పుడు వదులుతారో ముందే కనుక్కోండి. తలెత్తి ఎండిన చెట్లు, వేలాడే కొమ్మలు లేవని చూసుకోండి. పడవలు పైకి లాగి, బోర్లించి, చెట్టుకు కట్టి పడుకోండి. రాత్రి గాలికి ఖాళీ కెనూ ఎగిరిపోతుంది.

టెంట్ లోపల స్టవ్ వెలిగించొద్దు, దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తాగే నీళ్లు సలసలా 1 నిమిషం మరగనివ్వండి, 2,000 మీటర్లకు పైన అయితే 3 నిమిషాలు. మామూలు ఫిల్టర్ వైరస్‌లను ఆపదు, క్లోరిన్ బిళ్లలు క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని నమ్మకంగా చంపలేవు. మరిగించడానికి మించింది లేదు. మరుగుదొడ్డి గుంత నీటికి 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెం.మీ. లోతు. గిన్నెలు కడిగిన నీళ్లూ అంతే దూరంలో పోయండి. తిండి సామాను టెంట్‌లో ఉంచొద్దు.

తొలితెడ్డు
రాత్రి నలుగురం కూర్చుని మొత్తం చదివాం. మా కొత్త ప్లాన్ ఇది: ప్రయాణం ఐదు వారాలు వాయిదా. అప్పటికి నీరు వేడెక్కుతుందని చూస్తాం, థర్మామీటర్ మేమే తీసుకెళ్తాం. సరస్సును దాటం, ఒడ్డు వెంబడి మొదటి రోజు 10 కి.మీ. మాత్రమే. అక్కడే రెండు రాత్రులు మకాం వేసి, మూడో రోజు వచ్చిన దారినే వెనక్కి. నది ఈసారికి లేదు. ఈలోగా మా వాడు ఈత పాఠాలకు చేరాడు, జాకెట్ నియమం ఒప్పుకున్నాడు. వచ్చే వారాంతం వెచ్చటి, లోతులేని కుంటలో సామానుతో సహా పడవ కావాలనే బోల్తా కొట్టించి నిలబెట్టే సాధన చేస్తాం.

తెల్లనురుగు
నదిని వదులుకున్నందుకు సంతోషం. ఆ సాధనలో మీ నాలుగో అతన్ని తప్పకుండా నీళ్లలోకి దింపండి. జాకెట్ తనను మోస్తుందని ఒంటికి తెలియాలి. తాడు విసరడం కూడా అప్పుడే.

గాలివాటం
రెండో రాత్రి మకాం మంచి ఆలోచన. ఇంకొక్కటి చేర్చండి: అదనపు రోజు. మూడో రోజు గాలి లేస్తే కదలకుండా కూర్చోవడానికి ఒక రోజుకు సరిపడా తిండి, ఆఫీసులో ఒక రోజు సెలవు. "సోమవారం డ్యూటీకి వెళ్లాలి" అన్న తొందరలోనే జనం గాలిలో బయలుదేరతారు.

మ్యాప్‌పిచ్చి
అలా అయితే ఇంటి దగ్గర ఇచ్చే కాగితంలో కూడా గడువు ఆ అదనపు రోజు సాయంత్రానికి మార్చండి. లేకపోతే మీరు ఒడ్డున హాయిగా కూర్చుని ఉంటే, రక్షణ బృందాలు మీ కోసం అదే గాలిలో తిరుగుతుంటాయి.

తొలితెడ్డు
మార్చాను. సెలవు కూడా పెట్టేశాం. కుంటలో సాధన ఎలా జరిగిందో వచ్చి రాస్తాను.